214వ పేజీలో అచ్చుతప్పు

సౌదామిని గారు దేవతల్ని పెన్సిలుతోనే రాసేవారు.
చెరిపినప్పుడు వాళ్ళకి నొప్పి పుట్టకూడదట.
మందవెల్లిలో రెండో అంతస్తు, కిటికీకి తడి తువ్వాలు,
బల్ల మీద ఒక భాష, ఇంకా సగమే ఆరింది.

పేరు నీరల. ఇరవై రెండక్షరాలు.
వెనక్కి పోయే అల ఇసుక మీద వదిలే గీతల్ని
మెరీనాలో తెల్లారుజామున వంగి వంగి చూసి
మందుల చీటీల వెనక ఎక్కించుకున్నారు.
వాటికి ఫాంటు కట్టడం నా పని.
తిరువల్లికేణిలో జిరాక్సు కొట్టు వెనక గది,
అక్షరానికి నలభై రూపాయలు, ఒత్తులకి వేరే బేరం.

నీరలలో "నాది" అన్న మాట లేదు.
"నా దగ్గర ఆగింది" అనాలి.
ఇల్లు నా దగ్గర ఆగింది. కొడుకు నా దగ్గర ఆగాడు.
కాలాలు రెండే: ఎక్కే నీరు, దిగే నీరు.
"లారీ నీరు కూడా పెట్టండమ్మా" అన్నానొకసారి.
నవ్వలేదు. రాసుకున్నారు.

పురాణం పెద్దది. నాకు గుర్తున్నది ఇంత:
ఒర్వ అని ఒక ముసలామె. ఆమె ఎక్కడో మరిచిపోయి వచ్చిన బిందె ఈ లోకం.
ఆమెకు పదకొండుగురు కూతుళ్ళు, అందరూ నదులే.
కడగొట్టుది ఉప్పు కోసం పేరు అమ్ముకుంది.
పేరు లేని పిల్లని సముద్రం పోల్చుకోలేదు,
వాకిట్లోనే నిలబెట్టింది.
నిలబడి నిలబడి నల్లబడింది.
పుస్తకంలో ఊరి పేరు రాదు.
రోజూ కూవం వంతెన మీద ముక్కు మూసుకునేవాడికి
వేరే చెప్పాలా.

పదిమంది అక్కలు చెల్లెల్ని వెతుకుతూ పాడతారు.
పాదం పాదానికీ చివర "యేర? యేర?"
ఎక్కడ, ఎక్కడ అని.
ఆ రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది,
మూడోసారి నేనే పోయాననుకుంటా, కుర్చీలోనే.
మూడు వందల కాపీలు బైండింగయ్యాక చూశాను.
ఇసుక గీతల లిపిలో, ఎంతో ముద్దుగా,
"యాడ? యాడ?"
పదకొండు చోట్ల.

మా అమ్మ మాట అది.
వణ్ణారపేట తెలుగు,
బెజవాడ పెళ్ళివారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని విన్న తెలుగు.
అమ్మకి చదవడం రాదు, సంతకం తమిళంలో.
మా ఇంట్లో మూడు తరాలుగా
కాగితం మొహం చూడని మాట
తిన్నగా వెళ్ళి దేవతల నోట్లో కూర్చుంది.

పేజీ చింపి జేబులో పెట్టుకుని మందవెల్లి వెళ్ళాను.
డబ్బు తిరిగి ఇస్తానన్నాను, నెలకి కొంత.
ఆవిడ అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"ఎవరిలా అంటారు?" అన్నారు.
చెప్పాను.
"ఎప్పుడు అంటారు?"
ఇంటికి ఆలస్యమైతే. పిల్లి కనపడకపోతే.
నాన్న పోయిన ఏడాది మాత్రం, ఊరికే, వంటింట్లో.

చాలాసేపు ఫ్యాను తిరిగింది.
తర్వాత వ్యాకరణం నోటుబుక్కు వెనక అట్ట మీద రాశారు,
నేను తలకిందులుగా చదివాను:
"దిగువ గట్టు మాండలికం. నీళ్ళు మోసేవాళ్ళది.
పై గట్టు భాష కంటే పాతది."
"ఇరవై ఏళ్ళుగా కడుతున్నాను," అన్నారు,
"ఇందులో తప్పు మాట్లాడినవాడు ఒక్కడూ లేడు ఇప్పటిదాకా.
అందుకే భయంగా ఉండేది."
ఆ పేజీ నాకు తిరిగి ఇవ్వలేదు.

రెండో ముద్రణ రాలేదు.
మొదటిదే ఇంకా అటక మీద ఉంది, రెండు వందల డెబ్భై.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి లారీ వచ్చే వేళ,
ఆకుపచ్చ బిందె, పసుపు బిందె, మూత పగిలిన నీలంది,
వరసలో అమ్మ.
"యాడ పోతివిరా ఇంతసేపు?"
చెప్పాను. ఒర్వ, ఉప్పు, పదకొండుగురు కూతుళ్ళు,
అంతా వింది, బిందెని కాలితో ముందుకి జరుపుతూ.
"అది సరేగానీ," అంది,
"ఆ దేవతలు నీళ్ళు ఎన్ని గంటలకి ఇడుస్తారంట?"